తాతయ్య వెబ్లీ రివాల్వర్: ఏ మోడల్, విలువ ఎలా కట్టాలి?

పెద్దమనవరాలు అడిగిన ప్రశ్న

నమస్తే అండీ. మా తాతయ్య పోయారు. ఆయన రివాల్వర్ ఇప్పుడు మా నాన్నకీ, బాబాయికీ వచ్చింది. లైసెన్సు తాతయ్య పేరు మీదే ఉండేది కాబట్టి ఆయన పోగానే నాన్న దాన్ని లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నారు. ఆ విషయంలో ఇబ్బంది లేదు.

చిక్కంతా పంపకం దగ్గరే. బాబాయి అమ్మేసి డబ్బు పంచుకుందాం అంటున్నారు. నాన్నకి ఉంచుకోవాలని ఉంది. ఉంచుకునేవాళ్ళు రెండోవాళ్ళకి వాటా కట్టివ్వాలి కదా, అసలు విలువ ఎంతని లెక్క వేయాలన్న దగ్గర ఆగిపోయాం. డీలరు ఒక అంకె చెప్పారు. ఏ లెక్కన అని అడిగితే "పాత సరుకమ్మా, అంతే పలుకుతుంది" అన్నారు. బాబాయేమో ఇది యాంటిక్, వందేళ్ళది, పైగా ఇంత తళతళలాడుతోంది, దానికి పదింతలు వస్తుంది అంటారు. యాంటిక్ కాబట్టి లైసెన్సు కూడా అక్కర్లేదని ఎవరో ఆయనకి చెప్పారట.

డీలరు దగ్గర కూర్చుని చూసి నేను రాసుకున్నవి ఇవి. మధ్యలో విరిచినట్టు తెరుచుకుంటుంది, బ్యారెల్ కిందికి వంగుతుంది. ఆరు తూటాల సిలిండర్. బ్యారెల్ సుమారు 15 సెంటీమీటర్లు. పిడి నల్లగా, గళ్ళ గళ్ళుగా ఉంది, అడుగు చదునుగా ఉంది, కింద ఒక కడియం ఉంది. ఫ్రేము మీద "వెబ్లీ", "పేటెంట్స్", "మార్క్" అని ఇంగ్లీషులో, పక్కన రోమన్ అంకెల్లో ఆరు. ఒక ఏడాది కూడా ఉంది, 191 దాకా తెలుస్తోంది, చివరి అంకె 6 లాగానూ ఉంది, 8 లాగానూ ఉంది. ఒకచోట రెండు బాణం గుర్తులు మొనకి మొన ఆనుకుని ఉన్నాయి. బ్యారెల్ మీద కిరీటం, కింద బి.ఎన్.పి. అక్షరాలు, ఆ పక్కన .455, తర్వాత అరిగిపోయిన ఒక అంకె, "టన్స్" అన్న మాట. టన్నులేమిటో అర్థం కాలేదు. మొత్తం తుపాకీ వెండిలా మెరుస్తుంది, సిలిండర్ అంచున ఒకచోట మాత్రం ఆ మెరుపు పొరలా లేచి కింద నల్లగా కనిపిస్తోంది.

తోలు హోల్‌స్టర్ కూడా ఉంది. తాతయ్య ఏళ్ళ తరబడి అందులోనే ఉంచేవారు. ఇదేమిటో, దీని విలువ ఎలా కట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి. తాతయ్య వస్తువు, తక్కువకి పోనివ్వడం నాకిష్టం లేదు. అలాగని మా నాన్న బాబాయికి అన్యాయం చేశారన్న మాటా రాకూడదు.

---

ఇనప్పెట్టె జవాబు

అమ్మా, చాలా శ్రద్ధగా రాసుకున్నారు. ఇలా రాస్తే ఫోటో లేకపోయినా సగం పని అయిపోతుంది. డిపాజిట్ చేసి రసీదు ఉంచుకున్నారు, అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అదే.

మీది వెబ్లీ మార్క్ 6. బ్రిటిష్ సైన్యానికి బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసిన, .455 తూటా పట్టే సర్వీసు రివాల్వర్. ఇందులో నాకు అనుమానం లేదు, ఎందుకంటే మీరు చెప్పిన ఒక్కో ఆనవాలూ విడిగా అదే మాట చెబుతోంది. 1887లో మొదటి మార్క్ సైన్యంలోకి వచ్చింది. అక్కడినుంచి ఐదో మార్క్ దాకా పిడి అడుగు పక్షి తలలా గుండ్రంగా ఉండేది, మామూలుగా బ్యారెల్ 4 అంగుళాలు. 1915 మే నెలలో ఆమోదం పొందిన ఆరో మార్క్‌కే చదునైన పిడి, 6 అంగుళాల బ్యారెల్ వచ్చాయి. మీ 15 సెంటీమీటర్లు ఆ ఆరంగుళాలే. రివాల్వర్ బ్యారెల్‌ని సిలిండర్ ముందు అంచు దగ్గర్నుంచి మూతి దాకానే కొలుస్తారు, సిలిండర్‌ని కలపరు. ఇది తెలియక చాలామంది కొలత తప్పు రాస్తారు. మీది సరిపోయింది.

ఏడాది సంగతి. మార్క్ 6 పుట్టిందే 1915లో కాబట్టి 1916 అయినా 1918 అయినా కుదురుతుంది. 1921లో తయారీ ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ కర్మాగారానికి మారింది, ఆ తర్వాతి వాటి మీద వెబ్లీ బదులు ఎన్‌ఫీల్డ్ పేరు ఉంటుంది. చివరి అంకె తేలాలంటే ఎదురుగా వెలుగు వేయకండి. టార్చిని ఇనుముకి దాదాపు ఆనించి, పక్కనుంచి వాలుగా వేయండి. గీత లోతున్న చోట నీడ పడుతుంది, అంకె లేచి కనిపిస్తుంది.

ఇక బాణాలు. ఒక్క బాణం ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తని అర్థం. మొనకి మొన ఆనుకుని రెండు బాణాలుంటే ప్రభుత్వం దాన్ని కొలువులోంచి తీసి అమ్మేసిందని అర్థం. దొంగసొత్తు కాదు, చట్టబద్ధంగా బయటికి వచ్చిందని ఇనుము మీదే రాసిన సంతకం అది. అలా బయటికి వచ్చినదాన్ని అక్కడ మార్కెట్లో అమ్మాలంటే ప్రూఫ్ హౌస్‌లో పరీక్షించాలి. ఎక్కువ మోతాదు మందుగుండుతో పేల్చి చూసి, తట్టుకుంటేనే గుర్తు వేస్తారు. కిరీటం కింద బి.ఎన్.పి. అంటే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వేసిన గుర్తు. టన్నులు బరువు కాదమ్మా. తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడిలో ఎంతవరకు ఈ తుపాకీకి సరేనన్నది చదరపు అంగుళానికి ఇన్ని టన్నులని రాస్తారు. అలా రాసే పద్ధతి 1954 నిబంధనలతో వచ్చింది. అంటే మీ తాతగారి రివాల్వర్ మొదటి ప్రపంచ యుద్ధంలో పుట్టి, 1954 తర్వాతే పౌరుల చేతికి వచ్చింది. ఆయన ఎప్పుడు కొన్నారో కాగితం దొరికితే చూడండి, సరిపోవాలి.

ఇప్పుడు మీ బాబాయిగారికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆ వెండి మెరుపు అసలుది కాదు. సైన్యానికి ఇచ్చిన మార్క్ 6లు నలుపు కలిసిన నీలి రంగు, బ్లూయింగ్ అంటారు. మీది నికెల్ పూత. పూత వేసేముందు ఇనుమంతా తోమి నున్నగా చేస్తారు, అందుకే మీ 6కీ 8కీ తేడా చెరిగిపోయింది. ప్రూఫ్ గుర్తు పక్క అంకె కూడా అరిగిందంటున్నారు కదా, అంటే ఆ తోమడం ప్రూఫ్ అయ్యాకే జరిగింది. సైన్యంలో ఉండగా జరగలేదు. సేకరించేవాళ్ళు మెరుపుకి డబ్బివ్వరు. ఫ్యాక్టరీలో వేసిన అసలు రంగు ఎంత శాతం మిగిలిందో చూసి ఇస్తారు. తెల్లబడి, అక్కడక్కడ రంగు పోయి, చేతి వాడకానికి అరిగిన అసలు తుపాకీకి, కొత్తగా పూత వేసిన దానికన్నా మంచి ధర వస్తుంది.

దయచేసి ఆ పూత గీకించి మళ్ళీ నీలి రంగు వేయించకండి. ఇంకోసారి తోమితే మిగిలిన అక్షరాలూ పోతాయి.

రెండు విషయాలు చూసి చెప్పండి. ఫ్రేము మీద సీరియల్ నంబరూ, సిలిండర్ మీద నంబరూ ఒకటేనా? నంబరు మొత్తం ఇక్కడ పెట్టొద్దు, కలిసిందా లేదా అన్నది చాలు. రెండోది, డీలర్నే తెరవమని సిలిండర్ వెనక ముఖం చూడండి. మధ్యలో పళ్ళ చక్రంలాంటిది ఉంటుంది. దాని చుట్టూ ఉన్న ముఖం లోపలికి కోసినట్టు దిగిపోయి, పళ్ళు మెట్టులా బయటికి పొడుచుకొచ్చాయా? చాలా మార్క్ 6లని .45 ఏ.సి.పి. అనే వేరే రకం తూటా పట్టేలా వెనక భాగం కోసేశారు, .455 దొరకని చోట అమ్ముకోవడానికి. అలా కోసినదానికి విలువ బాగా పడిపోతుంది. పైగా ఆ తూటా ఒత్తిడి ఈ తుపాకీ తట్టుకోవాల్సిన దానికన్నా ఎక్కువ, పేల్చడం ప్రమాదం.

---

తోలుపని జవాబు

గుర్తుపట్టడం ఇనప్పెట్టె గారు చెప్పేశారు. నేను హోల్‌స్టర్ గురించే చెబుతాను, ఎందుకంటే అక్కడే వస్తువులు పాడైపోతున్నాయి.

రివాల్వర్‌ని మళ్ళీ అందులో పెట్టకండి. తోలు పదును చేసిన రసాయనాలు, అది పీల్చుకున్న తేమ కలిసి ఇనుముని తింటాయి. తోలు ఆనిన వైపే తుప్పు గుంటలు పడతాయి. ఇత్తడి బొత్తాం ఉంటే దాని చుట్టూ పచ్చగా చిలుము పేరుకుంటుంది, దాన్ని పుల్లతో మెల్లగా తీసేయొచ్చు. హోల్‌స్టర్‌ని పారేయడం గానీ, షూ పాలిష్ రుద్దడం గానీ చేయకండి. లోపలి మూత తిప్పి చూడండి, తయారీదారు పేరు, ఏడాది అచ్చొత్తి ఉండొచ్చు. ఏడాది కలిసిన హోల్‌స్టర్ విడిగా కూడా విలువైనదే. రెండిటినీ పక్కపక్కన, విడివిడిగా దాచాలి.

శుభ్రం చేసే పేరుతో గరుకు కాగితం, స్టీలు పీచు, ఇత్తడి పాలిష్ ఏవీ దగ్గరికి రానివ్వకండి. మెత్తటి నూలు గుడ్డ మీద రెండు చుక్కల తుపాకీ నూనె, పల్చగా. పూత లేచిన చోట నూనె ఉంటే చాలు, లేచిన పొరని గోటితో కూడా లాగొద్దు. వేలిముద్రల చెమటకే తుప్పు మొదలవుతుంది కాబట్టి పట్టుకున్న ప్రతిసారీ తుడవాలి.

ఇంట్లో పాత తూటాలేమైనా మిగిలాయా? ఉంటే వాటినీ డీలరుకి అప్పగించండి. సొరుగుల్లో, పెట్టె అడుగున వెతకండి. పెద్దవాళ్ళు అవి వేరే చోట దాస్తారు.

---

వేలంపాటల పిచ్చి జవాబు

ముందు యాంటిక్ మాట. వయసుని బట్టి లైసెన్సు అక్కర్లేదనుకోవడం చాలా ప్రమాదం. అమెరికా కేంద్ర చట్టంలో యాంటిక్ అంటే 1898లోగానీ అంతకు ముందుగానీ తయారైనదే, ఆ లెక్కన ఏ మార్క్ 6కీ ఆ పేరు వర్తించదు. ఇండియాలో 1959 ఆయుధ చట్టం ప్రకారం పాతకాలపుదైనా సరే, మరమ్మతు చేసినా పేల్చడానికి పనికిరానిదైతేనే మినహాయింపు. మీది ఆరు తూటా గదులూ తిరిగే ఆరోగ్యమైన తుపాకీ. ఉంచుకోవాలంటే నాన్నగారు వారసుడిగా తన పేరున అనుమతి తెచ్చుకోవాలి, ఆ పద్ధతి మీరుండే చోట లైసెన్సు ఇచ్చే కార్యాలయంలోనే అడగాలి. కొందరు ఈ తిప్పలు పడలేక బ్యారెల్‌లో వెల్డింగ్ చేయించి చచ్చిన ఇనుముగా మార్చేస్తారు. అది చేశాక వెనక్కి రాదు, విలువలో చాలా భాగం ఆ రోజే పోతుంది. తొందరపడొద్దు.

విలువ విషయానికొస్తే, ఒకే తుపాకీకి మూడు ధరలుంటాయి, మూడూ నిజమే. డీలరు మీ దగ్గర కొనే ధర, అదే డీలరు ఇంకొకరికి అమ్మే ధర, పోతే మళ్ళీ కొనడానికి ఇన్సూరెన్సు కోసం రాసే ధర. మొదటిది తక్కువ, చివరిది ఎక్కువ. మీ డీలరు చెప్పింది మొదటిదై ఉంటుంది, బాబాయిగారి మనసులో ఉన్నది మూడోది దాటింది. అన్నదమ్ముల పంపకానికి ఈ రెండూ కొలత కావు. ఇష్టపడి కొనేవాడు, బలవంతం లేకుండా అమ్మేవాడు ఒప్పుకునే ధర కావాలి. అది తెలియాలంటే అమ్ముడైన ధరలు చూడాలి. జనం పొరపాటు పడేది ఇక్కడే. వెబ్‌సైట్లలో కనిపించేవి అడుగుతున్న ధరలు. అడగడానికి ఎంతైనా అడగొచ్చు, ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా ఉన్నవాటి ధరలే మన కంటపడతాయి. వేలం సంస్థలు పాట ముగిశాక ఫలితాలు పెడతాయి, అవి తీసుకోండి. వాటిలోనూ సుత్తి పడిన ధర, అంటే పాట ఆగిన ధర వేరు, దాని మీద కొనేవాడు సంస్థకి కట్టే కమిషన్ కలిపిన ధర వేరు. అమ్మేవాడికి ఇంకో కమిషన్ కోత ఉంటుంది. ఏ అంకె చూస్తున్నారో గమనించి ఒకే రకం అంకెలే పోల్చండి.

పోల్చేటప్పుడు మార్క్ 6 అయితే చాలదు. నికెల్ పూత వేసినవి, సిలిండర్ కోయనివి, నంబర్లు కలిసినవి మాత్రమే పక్కన పెట్టుకోండి. నీలి రంగు చెక్కుచెదరని దాని ధర చూసి ఆశపడితే మళ్ళీ ఇంట్లో గొడవే. దేశం కూడా అదే ఉండాలి. చట్టం బిగువుగా ఉన్న చోట కొనగలిగేవాళ్ళు కొద్దిమంది, అక్కడి ధరకీ ఇంకో దేశపు ధరకీ పొంతన ఉండదు.

మార్క్ 6లు లక్షల్లో తయారయ్యాయి కాబట్టి అరుదైనదేమీ కాదు. దీన్ని మిగతావాటి నుంచి వేరు చేయగలిగేది కాగితం. తాతగారి పాత లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు, ఆయన నడుముకి కట్టుకున్న ఫోటో, ఏది దొరికినా భద్రపరచండి. లైసెన్సులో రాసిన నంబరు ఫ్రేము మీది నంబరుతో కలిస్తే అది గట్టి ఆధారం. మా తాత సైన్యంలో వాడారట అని నోటితో చెప్పే కథకి ఎవరూ పైసా ఎక్కువివ్వరు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట. బ్యారెల్ మీద కనిపించే ప్రతి పేరూ తయారీదారుది కాదు. ".38 స్మిత్ అండ్ వెసన్ తూటాకి" అని అచ్చున్న రివాల్వర్లు తెచ్చి స్మిత్ అండ్ వెసన్ అని చూపిస్తుంటారు. అది ఏ తూటా పడుతుందో చెప్పే మాట. స్పెయిన్‌లోని ఐబార్‌లో, బెల్జియంలోని లియేజ్‌లో అలాంటి నకళ్ళు కుప్పలుగా చేశారు. కోలగా ఉన్న గీతలో ఇ.ఎల్.జి. అక్షరాలు, కింద నక్షత్రం కనిపిస్తే అది లియేజ్ ప్రూఫ్ గుర్తు. ముందు గుర్తు చూడండి, పేరు తర్వాత.

---

పెద్దమనవరాలు మళ్ళీ రాసింది

అందరికీ కృతజ్ఞతలు. డీలరు దగ్గరికి నాన్ననీ బాబాయినీ ఇద్దరినీ తీసుకెళ్ళాను, ఒకరు చూసి ఇంకొకరికి చెప్పడం ఎందుకని. టార్చి పక్కనుంచి వేయగానే 8 స్పష్టంగా తేలింది, 1918. బాబాయే మొదట చదివారు. సిలిండర్ నంబరు, ఫ్రేము నంబరు ఒకటే. వెనక ముఖం కోయలేదు, పళ్ళ చక్రం చుట్టూ మెట్టులాంటిదేమీ లేదు, డీలరు కూడా ఇది అసలు .455 అనే ఒప్పుకున్నారు. బ్యారెల్ లోపల మూతి వైపు సన్నటి గుంటలున్నాయి, తూటాని తిప్పే మెలిక గాడులు మాత్రం బాగా తెలుస్తున్నాయి.

లైసెన్సు పుస్తకం నానమ్మ బీరువాలో దొరికింది. కొన్న ఏడాది 1956, నంబరు అక్షరం పొల్లు పోకుండా కలిసింది. ఇనప్పెట్టె గారు చెప్పిన 1954 తర్వాతే. పూత గురించి నానమ్మని అడిగితే వెంటనే చెప్పింది. ఒక వర్షాకాలం హోల్‌స్టర్‌లోనే ఉండిపోయి ఒక పక్కంతా ఎర్రగా తుప్పు పట్టిందట. తాతయ్య దిగులుపడి, నమ్మకమైన పనివాడి చేత తోమించి పూత వేయించారట. హోల్‌స్టర్ మూత లోపల అచ్చు ఉంది గానీ ఏడాది చదవలేకపోయాం. తూటాలు ఇంట్లో ఎక్కడా లేవు.

ఇంకొక్కటి అడగాలి. ఆ పూత వల్ల విలువ తగ్గిందని కాగితం మీద రాసినప్పుడు, బాబాయికి అది నాన్న వైపు మొగ్గినట్టు అనిపించకూడదు. దాన్ని ఎలా రాయించాలి?

---

ఇనప్పెట్టె జవాబు

1918, నంబర్లు కలిసినది, కోయని సిలిండర్, 1956 నాటి కాగితం. మంచి వస్తువమ్మా. పూత ఒక్కటే లోపం, దానికీ మీ దగ్గర నిజమైన కారణం ఉంది. నానమ్మ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాసి, తేదీ వేసి, లైసెన్సు పుస్తకంతో కలిపి పెట్టండి.

విలువ కట్టడం కొనే ఉద్దేశం ఉన్న డీలరు చేత చేయించకండి. కొననివాడు, విలువ కట్టినందుకు ముందే చెప్పిన ఫీజు తీసుకునేవాడు కావాలి. వస్తువు ధరలో శాతంగా ఫీజు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు, ధర పెరిగితే వాళ్ళకే లాభం కదా. ఆ మనిషిని అన్నదమ్ములిద్దరూ కలిసి ఎంచుకోవాలి, ఫీజు చెరిసగం. పంపకం కోసమని ముందే చెప్పండి, లేకపోతే అలవాటుగా ఇన్సూరెన్సు ధర రాసేస్తారు. కాగితంలో మార్క్, ఏడాది, నంబరు, సిలిండర్ స్థితి, బ్యారెల్ లోపలి గుంటలు, తర్వాత వేయించిన నికెల్ పూత, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. అదే నికెల్ స్థితిలో అమ్ముడైన కొన్ని రివాల్వర్ల ధరలు, అమ్ముడైన తేదీలు అందులోనే జత చేయమనండి. వాటిని బాబాయిగారే స్వయంగా వెతికి సరిచూసుకోవచ్చు. హోల్‌స్టర్‌కి వేరే వరుస రాయించండి.

నాన్నగారి పేరున అనుమతి వచ్చేదాకా వస్తువు డీలరు దగ్గరే ఉండనివ్వండి. డిపాజిట్ రసీదులో నంబరు సరిగ్గా పడిందో లేదో మాత్రం ఈ వారమే ఒకసారి చూసుకోండి.